పేరు, ఊరు, తేదీ

మెక్సికన్ గాయకుడు చాలీనో సాంచెస్ గొంతు నేను మొదటిసారి విన్నది కారు కడిగించుకుంటూ. లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన డౌనీ అనే ఊళ్ళో అద్దెకున్న రోజులవి. ఆదివారం పొద్దున్న, కార్లు చేత్తో కడిగే చోట నా వంతు కోసం నిలబడి ఉన్నాను. రేడియోలో అకార్డియన్ మొదలైంది. దాని వెనకే ఒక మగగొంతు వచ్చింది. ముక్కుతో పాడుతున్నాడు. పై స్వరానికి వెళ్ళబోతాడు, అందదు, పక్కకు జారిపోతాడు. ఘంటసాల పాటలు వింటూ పెరిగిన చెవులు నావి. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా ముఖం చిట్లించే ఇంట్లో పుట్టాను. ఈయనకు పాడటం రాదని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను.

నా కారు తుడుస్తున్న పెద్దాయన మాత్రం చేతిలో గుడ్డ చేతిలోనే ఉంచుకుని ఆగిపోయాడు. ఆ చరణం అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత నావైపు తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో, పాటలో వినబడిన ఊరు తమ పక్క ఊరేనని చెప్పాడు. పాటలోని మనిషిని చిన్నప్పుడు చూశాడట. ఎవరాయన, పెద్ద పేరున్నవాడా అని అడిగాను. "అబ్బే, ఎవరూ కాదు" అన్నాడు.

ఎవరూ కాని మనిషి మీద పాట ఎందుకుంది? దాన్ని రేడియోలో ఎందుకు వేస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని చాలీనో పాటల్లోకి వెళ్ళినవాణ్ణి ఇప్పటికీ బయటికి రాలేదు. ఆయన గురించి చదివిన కొద్దీ నాకు కోపం కూడా వస్తూ ఉంటుంది. ఎందుకంటే ఎక్కడ చూసినా ఆయన నడుముకున్న తుపాకీ గురించే రాస్తారు. ఆయన జేబులో ఉన్న కలం గురించి రాసేవాళ్ళు తక్కువ.

చాలీనో కట్టి పాడినవి కొరిదోలు. ముందు కొరిదో అంటే ఏమిటో చెప్పాలి. మెక్సికో కథాగీతం అది. పంక్తికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పంక్తుల చరణాలు, వాల్ట్జ్ నడకో పోల్కా నడకో ఉంటుంది. ఉత్తరాది పద్ధతిలో అయితే అకార్డియన్, దానికి తోడు బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటారు వాయిస్తారు. మెక్సికోలోని సినలోవా రాష్ట్రపు పద్ధతిలో అయితే బాకాలు, క్లారినెట్లు, గుండె అదిరేలా ట్యూబా మోగుతాయి. చాలా కొరిదోలు ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా ఊళ్ళో అంటూ మొదలై, చివర వినేవాళ్ళ దగ్గర సెలవు తీసుకుంటాయి. మధ్యలో జరిగింది జరిగినట్టు చెబుతాయి. గొంతులో ఏడుపు ఉండకూడదు. ఉపమానాలు అట్టే ఉండవు. పోలీసు పంచనామా చదువుతున్నట్టే ఉంటుంది, కాకపోతే తాళానికి.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో గ్రెగోరియో కోర్తెస్ కథలో తెలుస్తుంది. 1901లో టెక్సస్‌లో ఒక షెరీఫ్ ఆయన ఇంటికొచ్చి గుర్రాన్ని మారకం వేశావా అని దుబాసీ చేత అడిగించాడు. దుబాసీ మగగుర్రం అనే మాట వాడాడు. కోర్తెస్ మారకం వేసింది ఆడగుర్రాన్ని. కాబట్టి లేదు అన్నాడు. ఆ ఒక్క మాట తేడాతో మొదలైన గొడవలో షెరీఫ్ ఆయన అన్నను కాల్చాడు, కోర్తెస్ షెరీఫ్‌ను కాల్చి చంపాడు. తర్వాత వందల మంది వెంటపడితే పది రోజుల పాటు దొరక్కుండా పరుగెత్తాడు. ఇంగ్లీషు పత్రికలు ఆయన్ను కరుడుగట్టిన నేరగాడని రాశాయి. సరిహద్దు ప్రాంతపు మెక్సికన్లు ఆ పత్రికలకు జవాబు రాయలేరు. పాట కట్టారు. కొరిదో మొదటినుంచీ పత్రికలో చోటు దొరకనివాళ్ళ పత్రికే. చాలీనోను ఈ వరసలో నిలబెట్టి చూడకపోతే ఆయన పని మనకు అర్థం కాదు.

ఆయన అసలు పేరు రొసాలీనో సాంచెస్ ఫెలిక్స్. 1960 ఆగస్టు 30న సినలోవా రాష్ట్రంలో, కులియాకాన్ చుట్టుపక్కల ఒక చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అక్క మీద అత్యాచారం చేసిన ఊరి రౌడీని మీసాలు రాని వయసులోనే కాల్చి చంపి, అటునుంచి అటే కాలిఫోర్నియా పారిపోయాడని ఆయన గురించి రాసినవాళ్ళంతా చెబుతారు. లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో బంధువుల పంచన చేరి పొలం పనులు చేశాడు, హోటళ్ళలో గిన్నెలు కడిగాడు, పాత కార్లు అమ్మాడు. అన్న అర్మాందోతో కలిసి జనాన్ని దొంగతనంగా సరిహద్దు దాటించే పని కూడా చేశాడు. ఆ పని చేసేవాళ్ళను అక్కడ కొయోటేలు అంటారు.

1984లో తీహువానాలో అర్మాందోను ఎవరో కాల్చి చంపారు. సరిహద్దు ఊళ్ళో ఒక వలస మనిషి చావు అది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? చాలీనో పెద్దగా చదువుకున్నవాడు కాదు, సంగీతం నేర్చుకున్నదీ లేదు. అయినా కూర్చుని అన్న మీద కొరిదో రాశాడు. ఆయన రాసిన మొదటి పాట అదే. నాకు ఆయన జీవితం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఇదే అనిపిస్తుంది. తర్వాత జరిగిన కాల్పులన్నీ దీని ముందు చిన్నవే. అన్న శవాన్ని చూసిన తమ్ముడికి తుపాకీ తీయడం తెలుసు, అందుకు కారణమూ ఉంది. ఈసారి ఆయన చేతికి వచ్చింది కాగితం.

ఆ తర్వాత కొంతకాలం తీహువానాలోని లా మేసా జైల్లో ఉన్నాడు. అక్కడ తోటి ఖైదీలు తమ కథలు చెప్పేవాళ్ళు. చాలీనో వాటిని పాటలుగా కట్టేవాడు. డబ్బున్నవాడు డబ్బిచ్చేవాడు, లేనివాడు ఒంటి మీదున్నదో చేతిలో ఉన్నదో తీసి ఇచ్చేవాడు. బయటికొచ్చాక కూడా అదే వృత్తిగా మారింది. ఒక మనిషి వస్తాడు. తన పేరో, చనిపోయిన తమ్ముడి పేరో చెబుతాడు. ఏ ఊరు, తల్లిదండ్రులు ఎవరు, స్నేహితులు ఏమని పిలిచేవాళ్ళు, ఏ రకం తుపాకీ పెట్టుకునేవాడు, ఎలా పోయాడు, ఎవరు ఏడ్చారు అన్నీ చెబుతాడు. చాలీనో రాసుకుంటాడు. కొన్నాళ్ళకు పాట తయారవుతుంది. మన పోస్టాఫీసుల అరుగుల మీద ఒకప్పుడు కలం పట్టుకుని కూర్చుని, చదువు రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టే పెద్దమనుషులు ఉండేవారు కదా. వాళ్ళకు ఎన్ని ఇళ్ళ రహస్యాలు తెలిసి ఉంటాయో అని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. చాలీనో అలాంటి లేఖకుడు. పాడటం ఆ తర్వాత వచ్చిన పని.

పాడటం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1989లో లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న స్టూడియోకి వెళ్ళి, తన ఖాతాదారుల కోసం కట్టిన పాటలు ఒక క్యాసెట్ నిండా రికార్డు చేయించాడు. అవి అంగట్లో అమ్మడానికి చేసినవి కావు. ఎవరి పాట వాళ్ళకు ఇవ్వడానికి చేయించినవి. కానీ పాట పుచ్చుకున్నవాడు అన్నదమ్ములకూ మేనమామలకూ వినిపించాడు. వాళ్ళు తమకూ ఒకటి కావాలన్నారు. క్యాసెట్లు పెరిగాయి. చాలీనో వాటిని కారు డిక్కీలో వేసుకుని తిరిగాడు. కార్లు కడిగే చోట్లు, మాంసం కొట్లు, బేకరీలు, వారాంతపు సంతలు, ఇవే ఆయన దుకాణాలు. పెద్ద రేడియో స్టేషన్ ఏదీ ఆయన్ను దగ్గరికి రానివ్వలేదు. తర్వాత పేద్రో రివేరా నడిపే సింతాస్ అక్వారియో అనే చిన్న కంపెనీ ఆయన క్యాసెట్లు వేసింది. ఈ పేద్రో కూతురే ఆ తర్వాత మెక్సికన్ సంగీతంలో మహారాణిలా వెలిగిన జెన్ని రివేరా. చివరికి చాలీనో తన పాటల హక్కులను మూసార్ట్ అనే పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఆయన పోయాక ఆ పాటలు ఎన్ని లక్షల ఇళ్ళకు చేరాయో తలుచుకుంటే ఆ అమ్మకం నాకు బాధగా ఉంటుంది.

ఇక గొంతు సంగతి. తనకు పాడటం రాదని చాలీనో తనే ఒప్పుకునేవాడు. అప్పటికి మెక్సికన్ పల్లె పాటకు ప్రమాణం విసెంతే ఫెర్నాందెస్ లాంటి గాయకుడు. జరీ కుట్టిన దుస్తులు, గుండె నిండా ఊపిరి, ఆకాశాన్ని తాకే గొంతు. ఆ పక్కన చాలీనో గొంతు వాకిట్లో నిలబడి కేకేసినట్టు ఉంటుంది. సినలోవా కొండపల్లెల యాస అది. మాటల చివర్లు మింగేస్తుంది. నగరంలో స్థిరపడ్డ మెక్సికన్లు పిల్లల నాలుకల మీద నుంచి చెరిపేయాలని చూసిన యాస కూడా అదే. మొదట నేనిచ్చిన తీర్పు ఎంత తప్పో ఇక్కడే తెలిసింది. ఎవడో మహాగాయకుడు తీయగా పాడితే ఆ పేర్లు, ఆ ఊళ్ళు కథలైపోతాయి. అదే ఊరి మనిషి, అదే బొంగురు గొంతుతో చెబితే సాక్ష్యం అవుతుంది. కారు తుడిచే పెద్దాయన చేయి ఆగిపోవడానికి కారణం సంగీతం మాత్రమే అని నేననుకోను. తన ఊరి పేరును తన ఊరివాళ్ళు పలికినట్టే రేడియోలో పలికిన మనిషి ఒకడు దొరికాడు.

1992 జనవరి 20న జరిగిన సంగతి వల్ల ఇదంతా మసకబారింది. కోచెల్లా అనగానే ఇప్పుడు అందరికీ ఎడారిలో జరిగే ఖరీదైన సంగీతోత్సవం గుర్తొస్తుంది. అప్పటికి ఆ ఉత్సవం లేదు. ఖర్జూరం, ద్రాక్ష తోటల్లో పనిచేసే మెక్సికన్ కూలీల ఊరు అది. అక్కడి ఒక నైట్‌క్లబ్బులో చాలీనో పాడుతుండగా తాగి ఉన్న ఒకడు వేదిక ఎక్కి ఆయన్ను కాల్చాడు. చాలీనో నడుము దగ్గరున్న తుపాకీ తీసి తిరిగి కాల్చాడు. పాట వినడానికి వచ్చిన ఒక యువకుడు ఆ కాల్పుల్లో చనిపోయాడు, ఇంకా కొందరు గాయపడ్డారు. ఇది జాతీయ టీవీ వార్తల్లోకి ఎక్కింది. అంతవరకు రేడియోలో చోటు దొరకని మనిషి పాటలు వేయమని జనం స్టేషన్లకు ఫోన్లు చేశారు. క్యాసెట్ల అమ్మకాలు ఎగిరిపడ్డాయి. సౌత్ గేట్‌లోని ఎల్ పర్రాల్ క్లబ్బులో ఆయన పాడితే ఇసక వేస్తే రాలనంత జనం. వాళ్ళు ఎక్కువగా అడిగిన పాట మాత్రం కొరిదో కాదు, "నియెవెస్ దె ఎనేరో", అంటే జనవరి మంచు. ప్రేమపాట.

ఆ రోజు చనిపోయిన కుర్రవాడి గురించి ఎక్కడా నాలుగు మాటలు దొరకవు. చాలీనో అభిమానులు ఆ రాత్రిని వీరగాథలా చెప్పుకుంటుంటే నాకు మనసు ఒప్పదు. ఎవరూ కానివాళ్ళ పేర్లు పాటల్లో నిలబెట్టిన మనిషి కచేరీలోనే ఒక పేరు లేని చావు జరిగింది. దాన్ని ఎవరూ పాడలేదు.

ఇక్కడే నా వాదనకు గట్టి అభ్యంతరం వస్తుంది. సంగీతం బాగా తెలిసిన ఒక స్నేహితుడు నాతో చాలాసార్లు పోట్లాడాడు. డబ్బు తీసుకుని రాసిన పాట డబ్బిచ్చినవాడి మాటే చెబుతుంది కదా, హంతకుడు తన హత్యను ధైర్యమని రాయించుకుంటే నువ్వు దాన్ని పేదల పత్రిక అంటావా అని ఆయన ప్రశ్న. సమాధానం తేలిక కాదు. చాలీనో ఖాతాదారుల్లో మాదకద్రవ్యాల వ్యాపారులు ఉన్నారు, చంపినవాళ్ళు ఉన్నారు. చంపినవాడు పాటలో ధీరుడైతే, చనిపోయినవాడి తల్లి అదే పాటను బస్సులో వినాలి. ఈ నేరంలో చాలీనోకు వాటా లేదని నేను అనను. ఉంది.

కానీ ఆ వాటాను చూపించి ప్రభుత్వాలు చేసే పని మీద నాకు అంతకన్నా ఎక్కువ కోపం. 2011లో సినలోవా గవర్నరు బార్లలో, క్లబ్బుల్లో మాదకద్రవ్యాల కొరిదోలు వినిపించకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత కూడా ఏదో ఒక రాష్ట్రం, ఏదో ఒక నగరం మళ్ళీ మళ్ళీ ఇలాంటివి తెస్తూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో తెస్కోకో జాతరలో లూయిస్ ఆర్ కొన్రీకెస్ అనే గాయకుడు అలాంటి పాటలు పాడనంటే ప్రేక్షకులే వేదిక మీదికి ఎగబడి వాయిద్యాలు విరగ్గొట్టారు. పాట ఆపితే హత్యలు ఆగుతాయని నమ్మేవాళ్ళు ఆ హత్యల కేసుల్లో ఎన్ని తేలాయో ఒకసారి లెక్క చూడాలి. చాలీనో రాసిన పాటల్లోని చావులు చాలావరకు ఏ కోర్టు మెట్లూ ఎక్కని చావులు. విచారణ లేనిచోట మిగిలింది ఆ పాటే. అది ఒకవైపు సాక్ష్యమే, ఒప్పుకుంటాను. రెండోవైపు సాక్ష్యం నమోదు చేయవలసిన వ్యవస్థ రాలేదు. ఆ తప్పు తెచ్చి పాట కట్టినవాడి నెత్తిన వేస్తే నేను ఊరుకోలేను.

చాలీనో తర్వాత వచ్చినదాన్ని మాత్రం నేను అంతగా సమర్థించలేను. ఆయన పోయిన కొద్ది నెలలకే లాస్ ఏంజెలెస్‌లో కేఎల్ఏఎక్స్ అనే స్పానిష్ స్టేషన్ ఇలాంటి పల్లె సంగీతం వేస్తూ, ఇంగ్లీషు స్టేషన్లన్నిటినీ దాటి మొదటి స్థానానికి వెళ్ళింది. అంతకుముందు ర్యాప్ వింటూ, తల్లిదండ్రుల పాటలంటే సిగ్గుపడిన పిల్లలు టోపీలు, తోలు బూట్లు వేసుకుని చాలీనోలా ముక్కుతో పాడటం మొదలుపెట్టారు. వాళ్ళకు చాలీనియోలు అని పేరు కూడా వచ్చింది. ఈ భాగం నాకు ఇష్టం. ఇంటి భాషను, తాతల ఊరిని బయట నోరెత్తి చెప్పుకోగలిగే ధైర్యం ఆ పిల్లలకు ఆ బొంగురు గొంతే ఇచ్చింది. చాలీనో కొడుకు అదాన్ కూడా గాయకుడయ్యాడు. 2004 మార్చిలో హాలీవుడ్‌లోని కొడాక్ థియేటర్‌లో పాడాడు. వారం తర్వాత సినలోవాలో కారు ప్రమాదంలో పోయాడు. పంతొమ్మిదేళ్ళు.

అయితే అనుకరించినవాళ్ళలో చాలామంది తుపాకీని తీసుకుని కలాన్ని వదిలేశారు. ఇవాళ్టి కొరిదోల్లో వినబడే పేర్లు ప్రపంచమంతా తెలిసిన ముఠా నాయకులవి. వాళ్ళ పేరు పాటలో ఎక్కకపోతే ఎవరికీ లోటు లేదు, పత్రికలు ఎలాగూ రోజూ మొదటి పేజీలో వేస్తాయి. చాలీనో పాటల్లో సగం పేర్లు ఆ పాట లేకపోతే ఈ లోకంలో ఎక్కడా మిగిలేవి కావు. 2023లో పేసో ప్లూమా అనే మెక్సికన్ గాయకుడి గొంతుతో ఈ పల్లె సంగీతపు పాట ఒకటి అమెరికా పాటల జాబితాలో మొదటి అయిదింటిలోకి వెళ్ళింది. మరుసటి ఏడు ఆయన కోచెల్లా ఉత్సవంలో పాడాడు. చాలీనో తూటా తిన్న లోయలోనే. సంతోషించాను. కానీ ఆ పాటల్లో ఒక పక్క ఊరి మనిషి పేరు కోసం వెతికితే నాకు దొరకలేదు.

1992 మే 15 రాత్రి చాలీనో కులియాకాన్‌లో సలోన్ బుగంబిలియాస్ అనే హాల్లో పాడాడు. ఆ కచేరీ వీడియో ఉంది. నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. జనంలోంచి ఎవరో ఒక చిన్న కాగితం అందిస్తారు. వాద్యాలు "అల్మా ఎనమొరాదా" అనే ప్రేమపాట ఎత్తుగడ వాయిస్తుంటాయి. ఆయన కాగితం విప్పి చదువుతాడు. ముఖం మారుతుంది. నుదురు తుడుచుకుంటాడు. కచేరీ తర్వాత ఆయన ఎక్కిన కారును పోలీసులమని చెప్పుకున్న సాయుధులు ఆపారు. తెల్లారేసరికి ఒక కాలువ పక్కన శవం దొరికింది. కళ్ళకు గంతలు, మణికట్ల మీద తాడు గుర్తులు, తల వెనక రెండు తూటాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఎవరు చంపారో ఈనాటికీ తేలలేదు.

ఆ కాగితంలో చావు బెదిరింపు ఉందని అందరూ అంటారు. ఇంటర్నెట్‌లో లక్షలమంది ఆ వీడియో చూసేది ఆ ముఖం కోసమే. కావచ్చు. కానీ కచేరీలో గాయకుడికి కాగితం అందడం అక్కడ వింత విషయం కాదు. ఈ పాట కావాలని, ఫలానా ఊరివాళ్ళం వచ్చామని, ఫలానావాడి పేరు చెప్పమని రాసి పంపుతారు. ఆయన బతుకంతా అలాంటి కాగితాలతోనే గడిచింది. ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ రాసుకొచ్చి చేతిలో పెట్టినవాళ్ళు ఎందరో. ఈ కాగితాన్ని కూడా ఆయన అన్నిటిలాగే విప్పి చదివాడు. తర్వాత నలిపేశాడు. మైకు దగ్గరికి తీసుకుని, ఆ శ్రుతి నిలవని గొంతుతోనే పాట అందుకున్నాడు.